స్కాన్ పుటకు అంత బరువెందుకు?

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో అక్షరాలు ఉండవు, అక్షరాల బొమ్మ ఉంటుంది. కంప్యూటర్‌లో టైపు చేసి నేరుగా పీడీఎఫ్‌గా దాచిన పుటలో ఫలానా చోట ఫలానా ఫాంటులో ఫలానా అక్షరం అన్న సూచనలే ఉంటాయి కాబట్టి కొద్దిపాటి కేబీలతో పని అయిపోతుంది. ఆ పుటనే అచ్చు తీసి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేస్తే సూచనలన్నీ పోయి రంగు చుక్కలు మిగులుతాయి. అక్షరం ఉన్న చోటుకే కాదు, ఖాళీగా ఉన్న అంచుకూ చుక్కలు కావాలి. కాగితం మీది మరక, వెనక పుట నుంచి తొంగిచూసే సిరా, స్కానర్ అద్దం మీది దుమ్ము కూడా చుక్కలుగా నమోదవుతాయి. బరువంతా అక్కడి నుంచే వస్తుంది.

ఆ బరువు ఎంతో లెక్క కట్టడం సులువే. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, ఎత్తు 297. అంగుళానికి 300 చుక్కల చొప్పున, అంటే 300 డీపీఐలో, స్కాన్ చేస్తే అడ్డంగా 2480, నిలువుగా 3508 పిక్సెళ్లు వస్తాయి. మొత్తం 87 లక్షలు. రంగుల స్కాన్‌లో ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు చెప్పడానికి 3 బైట్లు పడతాయి కనుక కుదించని పుట 26 ఎంబీ తూగుతుంది. రంగు వదిలి బూడిద ఛాయల్లో తీస్తే 8.7 ఎంబీ. ఛాయలు కూడా వదిలి, ప్రతి పిక్సెల్ నలుపో తెలుపో తేల్చేస్తే ఒక్క బిట్ చాలు, పుట 1.1 ఎంబీ దాటదు. డీపీఐని రెట్టింపు చేస్తే పిక్సెళ్లు రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లు పెరుగుతాయి. 600 డీపీఐ రంగుల పుట 104 ఎంబీ. 150కి దిగితే అదే పుట ఆరున్నర ఎంబీ. కుదింపు విద్య ఏదీ రంగంలోకి దిగకముందే, స్కాన్ బటన్ నొక్కే వేళ ఎంచుకున్న రెండు అమరికలు ఫైల్ సైజును ఇన్ని రెట్లు అటూ ఇటూ చేస్తాయి.

పీడీఎఫ్ తనంతట తాను కుదించే పద్ధతి కాదు. 1993లో అడోబీ సంస్థ విడుదల చేసి, 2008లో ఐఎస్ఓ 32000 ప్రమాణంగా మారిన ఈ రూపం పుటలోని వస్తువులను మోసే పాత్ర మాత్రమే. లోపలి బొమ్మను ఏ పద్ధతిలో కుదించాలో ఫైల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. ఫ్యాక్స్ కాలపు గ్రూప్ 4 ఉంది, ఫొటోల జేపెగ్ ఉంది, 2001 నాటి 1.4 వెర్షన్ నుంచి జేబిగ్2 కూడా ఉంది. తెర మీద ఒకేలా కనిపించే రెండు ఫైళ్లలో ఒకటి 50 కేబీ, ఇంకొకటి 5 ఎంబీ ఉండడానికి కారణం ఈ ఎంపికే. అలాంటి ఫైల్‌ను జిప్ చేస్తే దాదాపు ఏమీ తగ్గదు. జిప్ పనిచేసేది పునరుక్తి మీద. లోపలి బొమ్మలో పునరుక్తిని జేపెగ్ ముందే పిండేసి ఉంటుంది. పునరుక్తి అంతా పోయాక మిగిలిన సమాచారాన్ని నష్టం లేకుండా ఇంకా కుదించడం ఏ పద్ధతికీ సాధ్యం కాదని 1948లో క్లాడ్ షానన్ గణితంతో నిరూపించాడు. అక్కడి నుంచి ఇంకా తగ్గాలంటే పుటలోంచి ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదిలితే చదువరికి నష్టం లేదో తేల్చుకోవడమే ఈ పనిలో అసలు నేర్పు.

నలుపు తెలుపుల పుటకు 1984లో ఖరారైన గ్రూప్ 4 పద్ధతి ఇప్పటికీ గట్టిదే. అచ్చు పుటలో పిక్సెళ్లు విడివిడిగా కాక వరుసలుగా నడుస్తాయి: నాలుగు వందల తెల్లవి, ఆరు నల్లవి, పన్నెండు తెల్లవి. పైగా ఒక వరుసలో నలుపు మొదలైన చోటుకు కాస్త అటూ ఇటూగానే కింది వరుసలోనూ మొదలవుతుంది, ఎందుకంటే అక్షరపు గీత చాలా వరుసల మీదుగా సాగుతుంది. గ్రూప్ 4 ప్రతి వరుసనూ పై వరుసతో పోల్చి, మార్పు జరిగిన చోట్లను మాత్రమే చిన్న చిన్న సంకేతాలతో రాసుకుంటుంది. ఖాళీ అంచులకు దాదాపు ఖర్చే లేదు. 1.1 ఎంబీ పుట మామూలుగా 50 కేబీల చుట్టుపక్కలకు వస్తుంది, ఒక్క పిక్సెల్ కూడా మారదు.

తెలుగు పాఠకుల్లో చాలామంది ఈ పద్ధతి ఫలితాన్ని పేరు తెలియకుండానే చూసి ఉంటారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో కృషికి 1994 ట్యూరింగ్ అవార్డు అందుకున్న దబ్బల రాజగోపాల్ రెడ్డి, అందరూ పిలిచే రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల డిజిటలీకరణ తలపెట్టారు. దాని భారతీయ శాఖే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరులోని ఐఐఎస్‌సీ, హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ అందులో ముఖ్య కేంద్రాలు. ఆంధ్ర, తెలంగాణ గ్రంథాలయాల్లోని వేలాది పాత పుస్తకాలు ఆ స్కానర్ల కిందకు వచ్చాయి. అక్కడ ఎంచుకున్నది 600 డీపీఐ, నలుపు తెలుపు, గ్రూప్ 4. ఛాయలు లేనప్పుడు అక్షరపు వంపును పిక్సెళ్ల సన్నదనమే మోయాలి. గుండ్రటి తెలుగు లిపికి 600 అందుకే నప్పింది. నిల్వ ఖరీదైన ఆ రోజుల్లో అది మంచి నిర్ణయం. దాని మూల్యమూ ఆ ఫైళ్లలో కనబడుతుంది. పుస్తకాల్లోని ఫొటోలు నల్లటి మచ్చలయ్యాయి, పసుపు తిరిగిన పుటల్లో కొన్ని చోట్ల అక్షరాలు మసిలో కలిసిపోయాయి. బూడిద ఛాయల మూలప్రతి లేని చోట వాటిని తిరిగి తెచ్చుకునే దారి లేదు.

రంగు, ఛాయ నిలవాలంటే జేపెగ్ కావాలి. దాని వెనక ఉన్న గణితం డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. బెంగళూరులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నాసిర్ అహ్మద్ 1972లో ఈ ఆలోచనతో పరిశోధన నిధులు అడిగితే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌తో, టెక్సస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యుడైన కామిశెట్టి రామమోహనరావుతో కలిసి 1974 జనవరిలో ప్రచురించిన చిన్న పత్రం ఈనాటి ఫొటోలకూ వీడియోలకూ పునాది అయింది. 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణం దీన్నే వాడుకుంది. బొమ్మను 8 అడ్డం, 8 నిలువు పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిలోని 64 విలువలను నెమ్మదిగా మారే అలలు, వేగంగా మారే అలల మొత్తంగా తిరిగి రాస్తుంది. మనిషి కన్ను నెమ్మదిగా మారే వెలుగునీడలను బాగా పట్టుకుంటుంది, సన్నటి గరుకుదనాన్ని అంతగా గమనించదు. కనుక వేగపు అలల విలువలను మొరటుగా గుండ్రం చేస్తారు, చాలావరకు సున్నా చేస్తారు. రంగు భాగాన్ని ముందే అడ్డంగా సగం, నిలువుగా సగం చేసి ఉంచుతారు. దాంతోనే దాచాల్సిన విలువలు సగానికి పడిపోతాయి.

ముఖానికో పొలానికో చక్కగా సరిపోయే ఈ ఏర్పాటు అచ్చు పుటకు సరిపడదు. అక్షరం అంచు దగ్గర తెలుపు నుంచి నలుపుకు ఒక్కసారిగా దూకుతుంది. ఆ దూకుడును చెప్పడానికి కావలసినవి వేగపు అలలే. వాటిని తీసేస్తే ప్రతి అక్షరం చుట్టూ బూడిద రంగు ముసురు కమ్ముతుంది. క్వాలిటీ ఇంకా తగ్గిస్తే 8 పిక్సెళ్ల గళ్లు బయటపడతాయి. జేపెగ్ ఫైల్‌ను విప్పి మళ్లీ జేపెగ్‌గా దాచిన ప్రతిసారీ ఈ నష్టం పేరుకుపోతుంది కూడా. ఒకసారి కుదించిన ఫైల్ ఇంకా పెద్దదిగా ఉందని దాన్నే మళ్లీ కుదించడం చాలామంది చేసే పని. మొదటి స్కాన్ దగ్గరకు వెళ్లి ఒకేసారి సరైన అమరికతో కుదిస్తే అదే సైజులో ఇంతకన్నా శుభ్రమైన పుట వస్తుంది.

ఫోన్‌తో తీసిన పత్రాలకు ఇదంతా రెట్టింపు వర్తిస్తుంది. 12 మెగాపిక్సెల్ కెమెరా ఫొటోలో పొడవు వైపు 4000 పిక్సెళ్లు ఉంటాయి. కాగితం ఫ్రేమును నింపితే అది దాదాపు 340 డీపీఐ. ఒక్కో ఫొటో మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది, పది ఫొటోలను అలాగే పీడీఎఫ్‌లో పెడితే 30, 40 ఎంబీలు ఎక్కడికీ పోవు. ఫోన్ నీడ కాగితం మీద పడి ఒక మూల చీకటిగా, ఇంకో మూల వెలుతురుగా ఉంటుంది. తెల్లకాగితం అనుకున్నది నిజానికి వందల ఛాయల బూడిద. ఆ ఛాయలనూ కాగితపు నూగునూ జేపెగ్ ఎంతో శ్రద్ధగా భద్రపరుస్తుంది. ఫైల్‌లో సింహభాగం ఎవరూ చదవని కాగితపు నేలకే ఖర్చవుతుంది.

సిరాను కాగితం నుంచి విడదీయడం అందుకే ఈ విద్యకు గుండెకాయ. ఛాయల్లో ఒక హద్దు గీసి, దానికన్నా ముదురైతే నలుపు, లేతైతే తెలుపు అనడం సులువైన దారి. ఆ హద్దును పుటలోని ఛాయల పంపిణీని బట్టి తనంతట తానే ఎంచుకునే పద్ధతిని 1979లో నొబుయుకి ఒత్సు ప్రతిపాదించాడు. వెలుతురు సమంగా పడిన ఫ్లాట్‌బెడ్ స్కాన్‌కు అది చాలు. నీడ పడిన ఫోన్ ఫొటోకు, తడిసి ఆరిన పాత దస్తావేజుకు పుటంతటికీ ఒకే హద్దు పనికిరాదు. నీడలో ఉన్న కాగితం వెలుతురులో ఉన్న సిరా కన్నా ముదురుగా ఉండవచ్చు. 2000లో ఫిన్లాండ్‌కు చెందిన సావోలా, పియెటికైనెన్ ప్రచురించిన పద్ధతి ప్రతి పిక్సెల్‌కూ దాని ఇరుగుపొరుగును చూసి వేరే హద్దు లెక్కకడుతుంది. ఇంకో ఉపాయం ఉంది: 300 డీపీఐ బూడిద స్కాన్‌ను ముందు 600కు పెంచి, తర్వాత హద్దు గీయడం. ఛాయల్లో దాగిన అంచు సమాచారం ఆ పెంపులో వంపులుగా మారుతుంది, అక్షరాలు నేరుగా తీసిన 300 డీపీఐ నలుపు తెలుపు కన్నా ఎంతో నున్నగా వస్తాయి. పాత పుస్తకాలను శుభ్రం చేసేవారు ఇష్టంగా వాడే స్కాన్ టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చేసేది ఇదే.

శుభ్రతకూ సైజుకూ నేరుగా సంబంధం ఉంది. దుమ్ము చుక్క ఒక్కోటీ గ్రూప్ 4కు కొత్తగా మొదలై ఆగిపోయే ఒక నల్ల వరుస. వేల చుక్కలున్న పుట రెండు మూడు రెట్లు బరువెక్కగలదు. పుట చుట్టూ వచ్చే నల్ల అంచులను కోసేయడం, ఒరిగిన పుటను నిటారు చేయడం, చుక్కలు తుడవడం కంటికి ఇంపుగా ఉండడానికే కాదు, బరువు దించడానికి కూడా. అయితే తెలుగు పుట మీద తుడుపు సాధనాన్ని నమ్మి వదిలేయకూడదు. ద, ధలకు తేడా కింద ఉన్న చిన్న గీత ఒక్కటే. చ, ఛలకూ ప, ఫలకూ అంతే. గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య ఉన్నది కొసన ఒక చిన్న మెలిక. పాత పుస్తకాల్లో అరసున్న ఉంటుంది. ఇంగ్లీషు పుటల కోసం తయారైన సాధనానికి ఇవి దుమ్ములా కనిపించవచ్చు.

డీపీఐకి కింది హద్దును నిర్ణయించేది కూడా ఈ చిన్న గుర్తులే. 10 పాయింట్ల అక్షరం ఎత్తు 300 డీపీఐలో సుమారు 42 పిక్సెళ్లు, 150లో 21, 100లో 14. ఆ పద్నాలుగులోనే అక్షరం, తలకట్టు, కింద వత్తు సర్దుకోవాలి. ధ కింది గీతకు ఒక్క పిక్సెల్ దక్కితే గొప్ప. ఇంగ్లీషు ఉత్తరం 100 డీపీఐలో చదవగలిగినంత ఉంటుంది, తెలుగు తీర్పు ప్రతో పట్టాదారు పత్రమో అలా ఉండదు. తెర మీద చదవడానికి మాత్రమే అయితే 150 డీపీఐ బూడిద ఛాయ, అచ్చుకు లేక దాచుకోవడానికి అయితే 300 అనేది తెలుగు పత్రాలకు భద్రమైన లెక్క. బూడిద ఛాయ ఉంటే 200 కూడా బాగానే నిలుస్తుంది. నలుపు తెలుపు చేయదలిస్తే మాత్రం 300 కన్నా దిగకూడదు.

జేబిగ్2 ఈ కథలో అన్నిటికన్నా తెలివైన పద్ధతి, అన్నిటికన్నా ప్రమాదకరమైనది కూడా. 2000లో వచ్చిన ఈ ప్రమాణం అచ్చుకూడం చేసిన పనిని వెనక్కి నడిపిస్తుంది: పుట నుంచి మళ్లీ అచ్చుల కేసు తయారుచేస్తుంది. పుటలో 'క' వంద చోట్ల ఉంటే ఒక 'క' బొమ్మను దాచి, మిగతా చోట్ల 'ఆ బొమ్మ ఇక్కడ' అని రాస్తుంది. వందల పుటల పుస్తకంలో ఒకే కేసును చాలా పుటలకు పంచుకోవచ్చు. ఫైల్ గ్రూప్ 4తో పోలిస్తే ఎన్నో రెట్లు చిన్నదవుతుంది. చిక్కు ఎక్కడంటే, కాగితం మీది రెండు 'క'లు పిక్సెల్ లెక్కన ఎప్పుడూ అచ్చంగా ఒకటి కావు. ఎంత దగ్గరగా ఉంటే ఒకటే అనుకోవాలో సాఫ్ట్‌వేర్ తేల్చుకోవాలి. అక్కడ హద్దు సడలితే ఒక అక్షరం స్థానంలో ఇంకో అక్షరం వచ్చి కూర్చుంటుంది.

అది ఊహ కాదు. 2013 ఆగస్టులో జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీసెల్ జెరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రాల స్కాన్లలో అంకెలు మారిపోతున్నాయని బయటపెట్టాడు. ఒక భవనం ప్లానులో మూడు గదుల వైశాల్యాలు 14.13, 17.42, 21.11 చదరపు మీటర్లు. స్కాన్‌లో మూడూ 14.13 అయ్యాయి. మసక లేదు, ముసురు లేదు. అంకెలు స్పష్టంగా, చక్కగా, తప్పుగా ఉన్నాయి. జేపెగ్ చెడితే చెడినట్టు కనబడుతుంది, చదివేవాడు జాగ్రత్తపడతాడు. ఇక్కడ ఆ హెచ్చరిక కూడా లేదు. తక్కువ క్వాలిటీ అమరికలోనే ఇలా జరుగుతుందని సంస్థ మొదట అంది. ఎక్కువ క్వాలిటీ అమరికల్లోనూ జరుగుతోందని క్రీసెల్ చూపించాక లోపాన్ని ఒప్పుకుని సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేసింది. 2015లో జర్మనీ సమాచార భద్రతా కార్యాలయం భద్రపరచాల్సిన పత్రాలకు ఈ పద్ధతి వాడవద్దంది. జేబిగ్2లో పోలిక జోలికి పోకుండా ప్రతి పిక్సెల్‌నూ ఉన్నదున్నట్టు దాచే నష్టరహిత రూపం కూడా ఉంది. అది గ్రూప్ 4 కన్నా చిన్నది, దానితో భయం లేదు. తెలుగు పత్రానికి పోలిక రూపం వాడడమంటే ద, ధలను ఒకే గడిలో పడేసే అవకాశాన్ని చేతులారా ఇవ్వడం. సర్వే నంబర్లు, ఎకరాలు గుంటలు, మార్కులు ఉన్న పుటకు అది అసలే తగదు.

రంగు ముద్ర, నీలి సిరా సంతకం, నల్లటి అచ్చు, పాత స్టాంపు కాగితం, ఈ నాలుగూ కలిసి ఉన్న దస్తావేజును ఏం చేయాలి? మొత్తాన్నీ నలుపు తెలుపు చేస్తే ముద్ర అచ్చులో కలిసిపోతుంది, మొత్తాన్నీ జేపెగ్ చేస్తే బరువు. పుటను పొరలుగా విడదీయడం దీనికి జవాబు. సన్నటి అక్షర రూపాలు 300 డీపీఐ నలుపు తెలుపు ముసుగుగా ఒక పొరలో, సిరా రంగులు చాలా తక్కువ డీపీఐ బొమ్మగా ఇంకో పొరలో, కాగితపు నేల అలాగే మొరటుగా మూడో పొరలో ఉంటాయి. తెర మీద మూడూ ఒకదానిపై ఒకటి పడి పుట అవుతుంది. 1990ల చివర్లో ఏటీ అండ్ టీ ప్రయోగశాలల్లో యాన్ లెకూన్, లియోన్ బొత్తూ, పాట్రిక్ హాఫ్‌నర్ ఈ ఆలోచనతోనే డేజావూ అనే ఫైల్ రూపాన్ని తెచ్చారు. పీడీఎఫ్ లోపల కూడా ఈ పొరల ఏర్పాటు కుదురుతుంది, ఇంటర్నెట్ ఆర్కైవ్ తన పుస్తకాల పీడీఎఫ్‌లను ఇప్పుడు ఇలాగే చేస్తోంది. రంగుల పుట ఒక ఎంబీ నుంచి 100 కేబీల లోపుకు వచ్చినా అక్షరాల అంచులు పదునుగానే నిలుస్తాయి.

ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను యంత్రంతో చదివించడం, చేస్తే ఫైల్ పెరుగుతుందన్న అనుమానం ఉంది. యంత్రం చదివిన అక్షరాలు బొమ్మ వెనక కనిపించని పొరగా చేరతాయి. పుటకు కొద్ది కేబీలే. బదులుగా వెతకడం, కాపీ చేసుకోవడం దక్కుతాయి. ఉచితంగా దొరికే టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చు. దాని మీద ఆధారపడ్డ ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే సాధనం పుటను నిటారు చేసి, తెలుగు పొర చేర్చి, బొమ్మలను తగిన పద్ధతిలో కుదించి ఇస్తుంది. ఇప్పటికే ఉన్న పీడీఎఫ్‌ను తగ్గించడానికి గోస్ట్‌స్క్రిప్ట్ అనే సాధనం చాలా కాలంగా ఆధారం. దానిలో 'స్క్రీన్' అమరిక బొమ్మలను 72 డీపీఐకి, 'ఈబుక్' 150కి, 'ప్రింటర్' 300కి దించుతాయి. మొదటిది తెలుగు అక్షరాన్ని పది పిక్సెళ్లకు తెస్తుంది, దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

దరఖాస్తు పోర్టల్ 200 కేబీలు దాటవద్దంటే మొదట చేయవలసింది రంగు అవసరమో కాదో చూడడం. అవసరం లేని మార్కుల మెమోను 300 డీపీఐ నలుపు తెలుపు గ్రూప్ 4గా మారిస్తే రెండు మూడు పుటలు ఆ హద్దులోనే సర్దుకుంటాయి, అదీ ఏ మాత్రం మసక లేకుండా. రంగు కావాలంటే అంచులు కోసి, 150 డీపీఐకి దించి, ఆ తర్వాతే జేపెగ్ క్వాలిటీని కొద్దికొద్దిగా తగ్గించాలి. ఈ వరుస తారుమారై, 300 డీపీఐ రంగుల బొమ్మను ఉంచి క్వాలిటీని మాత్రమే అట్టడుగుకు తొక్కితే పెద్దగానూ ఉంటుంది, చదవడానికీ పనికిరాదు.

కుదించకూడని ఫైళ్లూ ఉన్నాయి. డిజిటల్ సంతకంతో వచ్చిన ఈ-ఆధార్ లాంటి పత్రాన్ని కుదించి దాచగానే ఆ సంతకం చెల్లకుండా పోతుంది. అది ఫైల్‌లోని ప్రతి బైటుకూ ముడిపడి ఉంటుంది. అలాంటివి నేరుగా కంప్యూటర్‌లో పుట్టినవి కాబట్టి మామూలుగా చిన్నవే, అచ్చు తీసి స్కాన్ చేయడం వల్లే పెద్దవవుతాయి. ఆధార్, పాస్‌బుక్, ఆస్తి కాగితాలను ఉచితంగా కుదించే వెబ్‌సైట్లకు ఎక్కించడం కూడా మానుకోవాలి. ఆ ప్రతి ఎవరి సర్వర్‌లో ఎన్నాళ్లు ఉంటుందో పంపినవారి చేతిలో ఉండదు, పైన చెప్పిన సాధనాలన్నీ నెట్ లేకుండా సొంత కంప్యూటర్‌లోనే నడుస్తాయి. కుదించాక 300 శాతం జూమ్‌లో వత్తులు, అంకెలు, ముద్రలోని తేదీ, సంతకం కొసలను కాగితంతో సరిపోల్చి చూసేదాకా మూల స్కాన్‌ను చెరపకూడదు. పుస్తకం, దస్తావేజు లాంటివైతే బూడిద ఛాయల మూలప్రతిని తర్వాత కూడా వేరే డిస్కులో అట్టేపెట్టాలి. పొరలు విడదీసే పద్ధతులు ఏటేటా మెరుగవుతున్నాయి, ఆ ఫలితం అందేది మూలప్రతి ఉన్నవారికే.